సర్వర్ దింపిన పెట్టె

గోదావరిఖని బస్టాండు వెనక పంక్చర్లు వేసే సర్వర్ మాట ఎత్తితే చాలు, పక్కనున్న చాయ్ హోటల్లో జనం రెండు జట్లవుతారు. ఆ మూటలతో విమానం లేచేదే కాదని ఒక జట్టు. ఎందుకు లేవదు, లేచి బొంబాయిలో దిగేది, వీడే భయపడి పెట్టె దింపాడని ఇంకో జట్టు. రెండు జట్లలోనూ విమానం ఎక్కినవాళ్లు ఒకరో ఇద్దరో. ఎక్కనివాళ్ల గొంతే పెద్దది. సర్వర్ ఏ జట్టు తరఫునా మాట్లాడడు. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తూ తలవంచుకుని పని చేసుకుంటాడు.

వాళ్ల నాన్న అబ్దుల్ వహాబ్ బాయిలో బొగ్గు తొట్లను, అంటే టబ్బులను, పైకి లాగే మిషను నడిపేవాడు. బొగ్గు గనిని అక్కడ బాయి అనే అంటారు. పక్కింట్లో గట్టయ్య ఉండేవాడు, బొగ్గు నింపే కూలీ. అతని భార్య సమ్మవ్వ. సర్వర్ పుట్టిన నెలలోనే తల్లి సుగ్రా బీకి జ్వరం తిరగబెట్టి దవాఖానలో పడింది. అప్పటికి సమ్మవ్వ ఒడిలో తన కొడుకు ఆగయ్య ఉన్నాడు. ఒకడికి చాలే పాలను ఇద్దరికీ పంచిందా తల్లి. తమలో ఒకే రొమ్ము పాలు తాగినవాళ్లు తోడబుట్టినవాళ్లతో సమానమని సుగ్రా బీ కోలుకున్నాక వాడకంతా చెప్పుకుంది. సర్వర్‌కు మాటలు వచ్చినప్పటి నుంచి ఇంట్లో అమ్మీ, పక్కింట్లో అవ్వ. రెండు గడపలకూ రెండు భాషలు మాట్లాడుతూ పెరిగాడు. ఆకలి ఎక్కడేస్తే అక్కడే తిన్నాడు.

ఎనభైల్లో సర్వర్, ఆగయ్య ఇద్దరూ బదిలీ ఫిల్లర్లయ్యారు. అంటే పర్మినెంటు కూలీ రాని రోజున వాడి బదులు దిగి, తట్టా, చెమ్మస్ అనే పారా పట్టుకుని టబ్బుల్లో బొగ్గు నింపే పని. బాయిలో ఒక పద్ధతి ఉండేది. నిండిన టబ్బు మీద సుద్దముక్కతో ఎవరి గుర్తు వాళ్లు గీస్తారు, పైన ఎన్ని టబ్బులని లెక్కిస్తారు. టబ్బంటే టబ్బే. దాంట్లో బొగ్గు గోపురంలా ఉందా, అంచుకు జానెడు దిగి ఉందా అని తూచేవాడు లేడు. ఒంట్లో బాగాలేని వాడి గుర్తుతో తోటివాడు ఒక టబ్బు నింపి పంపేవాడు. ఎవడి టబ్బయినా వెలితిగా ఉంటే దారిన పోయేవాడు నాలుగు పారలు ఎక్కువేసి పోయేవాడు. దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు, కలుపుగోలుతనం అనుకున్నారు. సర్వర్‌కు ఆ గుణం రక్తంలో ఇంకిపోయింది. మనవాడైతే బరువు చూడకూడదు. అతను నేర్చుకున్న ధర్మం అంతే.

బదిలీ పని ఎన్నాళ్లయినా పర్మినెంటు కాలేదు. మిషన్లు దిగుతున్నకొద్దీ పారలు మూలపడ్డాయి. తొంభైల మొదట్లో ఖని కుర్రాళ్లు గుంపులు గుంపులుగా దుబాయి దారి పట్టారు. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఊరి లెక్కలో అది దుబాయే. ఆగయ్యకు ఎండలో కట్టడం పని దొరికింది. సర్వర్‌కు అదృష్టం ఒక మెట్టు ఎక్కువ. అదే పట్నంలో విమానాశ్రయంలో, విమానం కడుపులోకి సామాన్లు ఎక్కించే పని దొరికింది. బొగ్గు నింపిన చేతులకు సూట్‌కేసులు దూదిపింజలే. సెలవు రోజున ఇద్దరూ ఒక గదిలో కలిసి, రొట్టెలు చేసుకుని, సమ్మవ్వ చేసే సర్వపిండిని తలుచుకుంటూ తినేవాళ్లు.

ఊరికి పోయేవాళ్ల సంగతి చెప్పాలా? నాలుగేళ్ల చెమటనంతా ఒక్క ప్రయాణంలో ఇంటికి చేర్చాలనుకుంటారు. దుప్పట్లు, టేపురికార్డర్లు, పాలపొడి డబ్బాలు, కుక్కర్లు. మండుటెండలో చొక్కా మీద చొక్కా, దాని మీద కోటు వేసుకుని చెమటలు కక్కుతూ వరసలో నిలబడతారు. కాటా దగ్గర బరువెక్కువై మిగిలిపోయిన మూటలతో వాళ్ల దోస్తులు సరుకుల గేటు దగ్గరికి వచ్చి సర్వర్‌ను పిలిచేవాళ్లు. "అన్నా, మన కరీంనగర్ జిల్లానే" అంటే చాలు, అతని గుండె కరిగిపోయేది. పాత చీటీ ఒకటి కట్టి, ఆ మూటను తోపుడుబండి మీద మిగతా సామాన్ల మధ్య పడేసేవాడు. ప్రతిఫలంగా ఒక చాయ్ కూడా తాగేవాడు కాదు. తోటి లోడర్లలో ఇద్దరు ముగ్గురు అదే పని చేసేవాళ్లు, వాళ్ల వాళ్ల జిల్లాల కోసం. తిలాపాపం తలా పిడికెడు.

లోడు లెక్క చూసే ఆఫీసరు మాథ్యూ కేరళవాడు. కోపం ముక్కు మీదే ఉండేది కానీ పని నేర్పడంలో పిసినారి కాదు. ఒకరోజు బొంబాయి నుంచి పైలట్ కబురు పంపాడట. కాగితం మీదున్న దానికంటే విమానం బరువుగా లేచిందని. మాథ్యూ లోడర్లందరినీ ట్రాక్టరు వెనక ఎక్కించుకుని ఖాళీ రోడ్డు మీద జోరుగా పోనిచ్చాడు. అరచేతులు బయటికి చాపమన్నాడు. చెయ్యి చదునుగా పెడితే గాలి కోసుకుపోయింది. ముందువైపు కొంచెం ఎత్తితే చెయ్యి తనంతట తనే పైకి లేచింది. ఇంకా ఎత్తమన్నాడు. ఒక హద్దు దాటగానే ఆ పైకి లేపే పట్టు పోయింది, గాలి చేతిని వెనక్కి నెట్టి అదరగొట్టింది.

అప్పుడు ట్రాక్టరు ఆపి హిందీలో చెప్పాడు. విమానాన్ని మోసేది ఇంజను కాదు, రెక్క. రెక్క పైభాగాన్ని గాలి అంటిపెట్టుకుని పారినంతసేపే ఆ మోత. వేగం తగ్గినకొద్దీ అదే బరువు మోయడానికి రెక్క ముందంచు ఇంకా ఎత్తాలి. హద్దు దాటితే గాలి రెక్కను వదిలేస్తుంది. దాన్నే స్టాల్ అంటారు. ఇంజన్లు మోగుతూనే ఉంటాయి, రెక్క మాత్రం చేతులెత్తేస్తుంది. అది ఏ వేగం దగ్గర జరుగుతుందన్నది విమానం మీద చెక్కి ఉండదు. బరువు పెరిగితే ఆ వేగం పెరుగుతుంది. బరువు మరీ ముక్కువైపు పడితే ఇంకొంచెం పెరుగుతుంది. ఒక పక్కకు వాలి మలుపు తిరిగితే విమానం ఉన్నదానికంటే బరువైనట్టే, అప్పుడూ పెరుగుతుంది. రెక్క వెనక రేకులు కిందికి దించితే తగ్గుతుంది, అందుకే లేచేటప్పుడూ దిగేటప్పుడూ వాటిని దించుతారు. ఎండ మండితే గాలి పలచబడుతుంది, అంతే బరువును ఎత్తడానికి నేల మీద ఇంకా జోరుగా, ఇంకా దూరం పరుగెత్తాలి. ఎంత వేగం అందుకున్నాక ముక్కు ఎత్తాలో పైలట్ బరువును బట్టే లెక్కేసుకుంటాడు. ఆ బరువు మనం చెప్పిందే.

ఒక లోడర్ నవ్వి, అంత పెద్ద విమానానికి పది మూటలు ఒక లెక్కా సాబ్ అన్నాడు. మాథ్యూ నవ్వలేదు. స్టాల్ అయ్యే వేగానికీ ఎగిరే వేగానికీ మధ్య కొంత వెసులుబాటు ఉంచుతారు, నిజమే. అది ఒక ఇంజను చెడిపోయిన రోజు కోసం, ఎదురుగాలి తప్పిపోయిన రోజు కోసం ఉంచినది. మీ మూటలు దాన్ని ఎవరికీ తెలియకుండా తినేస్తున్నాయి అన్నాడు.

సర్వర్‌కు అది బాయి భాషలో అర్థమైంది. పైకప్పుకు ఊతంగా పెట్టిన దుంగ ఎంత మోస్తుందో చూస్తే తెలియదు. విరిగేదాకా అది నిలబడే ఉంటుంది. ఆ రోజు నుంచి మూటలు మానేశాడు. కొన్నాళ్లు మానేశాడు అనడం న్యాయం.

ఆ జూన్‌లో ఆగయ్య పోయాడు. ఎండ దెబ్బ. మధ్యాహ్నం పరంజా దిగి, తల తిరుగుతోందని నీడన కూర్చుని, మళ్లీ లేవలేదు. దవాఖానలో శవాన్ని గుర్తుపట్టింది సర్వరే. కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిందీ అతనే. వాడలో ఫోను లేదు. బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌కు సమ్మవ్వను పిలిపించాడు. అవతల చాలాసేపు ఏడుపే వినిపించింది. తర్వాత ఆమె ఒక్కటే అడిగింది.

"వాని మొకం సూస్తనా, బిడ్డా?"

"సూస్తవు అవ్వా. శుక్రారం పొద్దుగూకేటాలకు నీ వాకిట్ల ఉంటడు. నేనే ఎక్కిస్త, ఎవ్వల చేతికియ్య."

గట్టయ్య ఒక జీపు మాట్లాడుకుని బొంబాయికి బయల్దేరాడు. గురువారం మధ్యాహ్నం విమానం. సర్వర్ పొద్దున్నే డ్యూటీలో ఉన్నాడు. ఆగయ్య గదిలో వాళ్లు సరుకుల గేటు దగ్గరికి వచ్చారు. చనిపోయినవాడి సామాను తెచ్చారు. కంబళి, చొక్కాలు, తల్లి కోసం కొన్న టేపురికార్డరు. అది ఒక మూట. కాదనగలడా? దానితోపాటు అదే విమానంలో పోతున్న జిల్లావాళ్లవి ఇంకో మూట, ఇంకో మూట. ఆగన్న పోతున్నాడు, వాడితోపాటే ఇవి కూడా పోనీ అన్నా అన్నారు. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషికి కాదనే ఓపిక లేకపోయింది. నిజం చెప్పాలంటే, ఆ పూట నలుగురికి మేలు చేస్తే ఆగయ్యకు ఏదో పుణ్యం చేసినట్టు కూడా అనిపించింది. అన్నిటినీ లోపలి గోడ దాకా పేర్చాడు. వాటి మీద, ముందు, సూట్‌కేసులు సర్దారు. వల బిగించారు.

ఆగయ్య ఉన్న పెట్టెను ఆఖరున తెప్పించాడు. బొంబాయిలో గట్టయ్య నిలబడి ఉంటాడు, తలుపు తియ్యగానే కొడుకు ముందు దిగాలి, సామాన్లన్నీ దిగేదాకా ఆ ముసలాయన ఎదురుచూడకూడదు. అందుకని పెట్టెను తలుపు దగ్గరే పెట్టించాడు. తలవైపు తనే పట్టుకున్నాడు.

అప్పుడు మాథ్యూ వచ్చాడు. చేతిలో కాగితం, ముఖం మాడిపోయి ఉంది. అనుకున్నదానికంటే ఎండ ఎక్కువైంది, గాలి చచ్చిపోయింది, పైలట్ మళ్లీ లెక్క వేశాడు. ఉన్న బరువుతో సరిగ్గా హద్దు మీద ఉన్నామనీ, ఇక ఒక్క బుట్ట కూడా ఎక్కించవద్దనీ చెప్పి వెళ్లబోయాడు.

సర్వర్ తల తిప్పి చూశాడు. నిచ్చెన మీద జనం ఎక్కుతున్నారు. కోట్లు వేసుకున్న కుర్రాళ్లు, ఒక తల్లి, ఆమె చంకలో పిల్ల. వాళ్ల బరువు కూడా మనిషికి ఇంతని అంచనాగా వేసేదే, ఆ చొక్కాల మీది చొక్కాలనూ చేతి సంచుల్లోని ఇనుమునూ ఎవరూ తూచలేదు. నోరు మూసుకుంటే ఆగయ్య రేపు ఇంట్లో ఉంటాడు. వెసులుబాటు ఉందిగా, మాథ్యూయే చెప్పాడు. రోజూ పోతున్నాయిగా. కానీ దుంగ విరిగిన చప్పుడు ఒకసారి విన్నవాడికి ఆ మాట సరిపోదు. మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువు అంటారు. ఇక్కడ మోసే పైలట్‌కే తెలియదు.

"సాబ్, లోపల తూచని మూటలున్నాయి" అన్నాడు.

ఎన్ని అని మాథ్యూ అడిగితే తెలియదన్నాడు. మిగతావాళ్లు ఎక్కించినవి కూడా ఉన్నాయి. మూటలు దించుదామని ముందు సర్వరే వల మీద చెయ్యి వేశాడు. మాథ్యూ ఆపాడు. అవి అట్టడుగున ఉన్నాయి, తియ్యాలంటే కడుపంతా ఖాళీ చెయ్యాలి, విమానం లేచే వంతు పోతుంది, ఎండలో జనం లోపల ఉడికిపోతారు. ప్రయాణికుల సామాను ముట్టుకోకూడదు, దించితే సరుకే దించాలి. సరుకు అంటే తలుపు దగ్గరున్నవి. ఆ పెట్టె కూడా కాగితాల్లో సరుకే.

అది ఎవరని మాథ్యూ అడిగాడు. నా తోడబుట్టినవాడు అన్నాడు సర్వర్. పెట్టె మీద పేరు చూసి, మాథ్యూ సర్వర్ ముఖం చూశాడు. తలవైపు నువ్వే పట్టుకో అన్నాడు. పెట్టెనూ, దాని చుట్టూ ఉన్న సరుకు మొత్తాన్నీ దించారు. విమానం దారి చివరిదాకా పరుగెత్తి లేచింది. ఏ అదురూ లేకుండా, ఎప్పటిలాగే లేచింది. సర్వర్ దాన్ని కనుమరుగయ్యేదాకా చూశాడు. క్షేమంగా లేచినందుకు సంతోషించాల్సినవాడు ఏడ్చాడు.

అదే సాయంత్రం అతన్ని పనిలోంచి తీసేశారు. గేటు లోపలికి రానివ్వలేదు. మర్నాడు అక్కడ సెలవు. కాగితాల మీద తేదీ మారింది కాబట్టి ముద్రలన్నీ మళ్లీ వేయించాలి. తర్వాతి విమానాలు నిండిపోయాయి. పెట్టెను ఎవరెవరో ఎక్కించారు. శుక్రవారం ఖని చేరాల్సిన ఆగయ్య మంగళవారం చేరాడు.

ఆ రోజుల్లో ఇక్కడేం జరిగిందో సర్వర్‌కు తర్వాత తల్లే చెప్పింది. శవం లేచేదాకా వాడలో పొయ్యి ముట్టించరు. శుక్రవారం పొద్దున్నుంచి ఆ సందులో ఒక్క పొయ్యీ వెలగలేదు, సుగ్రా బీ పొయ్యితో సహా. పిల్లలకు హోటల్ నుంచి బన్నులు తెచ్చి పెట్టారు. శనివారం సమ్మవ్వే గడపగడపకూ వెళ్లి, పసిపిల్లల కడుపులు మాడ్చకండి, వండుకోండి అని బతిమాలింది. తన పొయ్యి మాత్రం వెలిగించలేదు. బొంబాయిలో గట్టయ్యకు ఒక ప్రయాణికుడు మూట అప్పజెప్పి, ఇది మీవాడి సామానని చెప్పి వెళ్లిపోయాడు. సామాను వచ్చింది, మనిషి రాలేదు. ఆ ముసలాయన కంబళి ఒళ్లో పెట్టుకుని సరుకుల గేటు దగ్గరే పడుకున్నాడు. చివరికి పెట్టె ఇల్లు చేరేసరికి మూత తియ్యవద్దని పెద్దలు గట్టిగా చెప్పారు. ఎండాకాలం, అన్ని రోజులైంది, చూసి తట్టుకోలేవన్నారు. సమ్మవ్వ పెట్టె చెక్కమీద చెంప ఆనించి పడుకుంది. ఆమెను లేపి, పెట్టెను పెట్టెగానే గోదావరి ఒడ్డున మట్టి చేశారు.

సర్వర్ నెల తిరక్కుండా ఇంటికొచ్చాడు. అప్పటికే కబురు వాడంతా పాకింది, చాయ్ హోటల్లో జట్లు కూడా అయిపోయాయి. కొందరు వీపు తట్టారు. విమానం నిండా జనాన్ని కాపాడినవాడని ఒక కార్మిక నాయకుడు సన్మానం కూడా చేస్తానన్నాడు. ఇంకొందరు ఎదురుపడితే ఉమ్మేశారు. సర్వర్ ఇద్దరినీ పట్టించుకోలేదు. అతనికి కావలసిన తీర్పు ఒకే గడప లోపల ఉంది. రెండు రోజులు ఆ గడప తొక్కే ధైర్యం చాల్లేదు. మూడోరోజు వెళ్లాడు.

గట్టయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. సమ్మవ్వ బియ్యం చెరుగుతోంది. కూర్చోమంది. ఆమె ముఖం ఒక్క నెలలో పీక్కుపోయింది. సర్వర్ జరిగింది చెప్పాడు. రెక్క, గాలి, వేగం, ఎండ, బరువు అన్నీ తనకు చేతనైనట్టు చెప్పాడు. ఆమె మధ్యలో ఆపకుండా విన్నది. అర్థం కాదేమోనని అతను భయపడ్డాడు గానీ, భర్తను బాయికి పంపిన ఆడమనిషికి బరువు గురించి ఎవరు చెప్పాలి?

"బాయిల కప్పు కూలితె పానమున్నోళ్లనే ముందుగాల తెస్తరు. పోయినోళ్లను ఎన్కసిరి తెస్తరు. గది నాకెరుకలేదా? పెట్టె దింపుడు తప్పని నేనన బిడ్డా" అంది.

సర్వర్‌కు ఊపిరి ఆడింది. నెల రోజులుగా ఆ మాట కోసమే బతికినట్టున్నాడు. లేచి ఆమె కాళ్లు పట్టుకోబోయాడు. సమ్మవ్వ చేట పక్కన పెట్టి, అతని ముఖంలోకి చూసింది. ఊళ్లో ఇన్ని నోళ్లు ఇన్ని విధాల మాట్లాడాయి గానీ, అప్పుడు ఆమె అడిగిన ప్రశ్న ఒక్కరూ అడగలేదు.

"గా మూటలు ఎవలెక్కిచ్చిన్రు?"

"నేనే అవ్వా. కొన్ని వేరేటోళ్లు."

"ఎందుకెక్కిచ్చినవ్?"

"మనోళ్లయే గదా అని."

కోపం ఉంటే బాగుండేది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"మా ఆగడు సుత మనోడే గదా, బిడ్డా."

సర్వర్ తల ఎత్తేసరికి ఆమె బియ్యం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా ఆ ఇంట్లోంచి అతన్ని ఎవరూ పిలవలేదు, పొమ్మని కూడా అనలేదు.